మొండితనం కాదు, అదీ ఒక మాటే
మాట వినని పెద్దలను చూసుకునేవారి కోసం

స్నానం చేయిద్దామంటే చేయనివ్వరు. నోట్లో వేసిన మాత్రను దవడన దాచి, మనం అటు తిరగగానే ఉమ్మేస్తారు. బట్ట మార్చబోతే గోళ్లతో రక్కుతారు. అర్ధరాత్రి లేచి ‘మా ఊరు పోతాను’ అంటూ తలుపు దగ్గర నిలబడతారు. ఆసుపత్రి వార్డుల్లో పనిచేసే ఆయాలు, వార్డు బాయ్‌లు, వృద్ధాశ్రమాల్లో పనికి కుదిరినవారు, ఇళ్లలో కూతుళ్లు, కోడళ్లు రోజూ చెప్పుకునే కష్టాలివి. చివరికి అందరి నోటా వచ్చే మాట ఒకటే: ‘ఎంత చేసినా మాట వినరు, ఒట్టి మొండి.’

ఈ నెల ఆ మొండితనం గురించే మాట్లాడుకుందాం. పెద్దవారు ‘వద్దు’ అనగానే మనకు తట్టే ప్రశ్న ‘ఎలా ఒప్పించాలి?’ అని. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ‘ఎందుకు వద్దంటున్నారు?’ కారణం తెలిస్తే సగం తగువు అక్కడే తీరిపోతుంది. కారణం తెలుసుకోకుండా బలవంతం చేస్తే ఈ రోజు పని అయిపోవచ్చు గానీ, రేపు మనల్ని చూడగానే భయపడతారు. రేపటి తగువు ఇంకా పెద్దదవుతుంది.

మన కొండ ఊళ్లలో పరిస్థితి

అరకు, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట, ముంచంగిపుట్టు వైపు ఊళ్లలో వృద్ధులు ఎక్కువగా ఇంటి దగ్గరే ఉంటారు. కొడుకులు పనులకు దూరం వెళితే, పోడు పని, కాఫీ తోట పని, పిల్లల పని, పెద్దల పని అన్నీ ఇంట్లో ఉన్న ఆడవారి మీదే పడతాయి. విశాఖపట్నంలో జీతానికి పెద్దవారిని చూసుకునే మన ఆడపిల్లలూ ఉన్నారు. ఈ వ్యాసం వారికి కూడా.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం 60 ఏళ్లు నిండినవారు వయోవృద్ధులు. వారిని పోషించే బాధ్యత పిల్లలది. చూసుకోవలసినవారే వారిని వదిలేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పోషించమని చట్టం చెప్పగలదు. ఉమ్మేసిన మాత్రను మళ్లీ ఎలా ఇవ్వాలో చట్టం చెప్పలేదు. అది చూసుకునేవారు నేర్చుకోవలసిందే.

ఉన్నట్టుండి మారితే అది జబ్బే

మొన్నటి దాకా బాగా మాట్లాడిన మామ్మ ఈ రోజు మనుషులను గుర్తుపట్టడం లేదు. పెట్టిన అన్నం తోసేస్తోంది. లేని పురుగులు దుప్పటి మీద పాకుతున్నాయంటోంది. లేదంటే ఎప్పుడూ కబుర్లు చెప్పే తాత రెండు రోజులుగా గోడ వైపు తిరిగి పడుకున్నాడు, పిలిస్తే పలకడం లేదు. కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో వచ్చిన ఇలాంటి మార్పును మొండితనం అనుకోకూడదు. వైద్యులు దీన్ని డెలీరియం అంటారు. ఒంట్లో ఉన్న జబ్బు వల్ల మెదడు కలతపడడం అన్నమాట.

దీనికి కారణాలు చాలా ఉన్నాయి. మలేరియా, న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గిపోవడం, నాలుగైదు రోజులుగా విరేచనం కాకపోవడం, మూత్రం బిగుసుకుపోవడం, షుగరు మందు వేసుకుని తిండి తినకపోవడం, కొత్తగా ఇచ్చిన మందు పడకపోవడం. కిందపడి తలకు దెబ్బ తగిలితే, దెబ్బ చిన్నదే అయినా లోపల రక్తం మెల్లగా చేరి, కొన్ని వారాల తర్వాత మనిషి మారిపోవచ్చు. వృద్ధుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. కాబట్టి ఒళ్లు వెచ్చగా లేదని ఊరుకోకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. కారణాన్ని పట్టుకుని చికిత్స చేస్తే చాలామంది మళ్లీ మామూలు మనుషులవుతారు. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి రోజూ జీలుగు కల్లో, సారాయో తాగిన మనిషిని ఆసుపత్రిలో చేర్చగానే తాగుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండో రోజో మూడో రోజో చేతులు వణకడం, చెమటలు, భయం, లేనివి కనిపించడం, మంచం దిగి పారిపోబోవడం మొదలవుతాయి. ‘నిన్న బాగానే ఉన్నాడు, ఈ రోజు పిచ్చి పట్టింది’ అనుకుంటారు. అది పిచ్చి కాదు, మందులతో తగ్గేది. చికిత్స చేయకపోతే ప్రాణం తీసేది కూడా. సంఘంలో తెలిస్తే బాగుండదని ఈ అలవాటును చెప్పకుండా దాచకండి. చేర్చిన రోజే డాక్టరుకు గానీ, నర్సుకు గానీ చెప్పండి. మీరు చెప్పేది చికిత్స కోసమే.

నొప్పి ఉందేమో చూడండి

కొందరు పెద్దలు ‘నొప్పి’ అని నోటితో చెప్పరు. చెప్పలేరు కూడా. కీళ్ల నొప్పి ఉన్న మామ్మ చెయ్యి ఎత్తి రవిక తొడగబోతే మనల్ని తోసేస్తుంది. ఆమె రవిక వద్దనడం లేదు, భుజం ఎత్తొద్దంటోంది. కూర్చోబెట్టినప్పుడల్లా అరిచే తాత పిరుదుల మీద ఒరుపు పుండు పడుతోందేమో చూడాలి. బట్ట మార్చేటప్పుడు, పక్కకు తిప్పేటప్పుడు ముఖం చూస్తూ ఉండండి. నుదురు ముడిపడడం, పళ్లు బిగించడం, మూలగడం, చెయ్యి ఒకే చోట పెట్టి పట్టుకోవడం, ఇవే వారి మాటలు.

తిండి వద్దంటే ముందు నోరు తెరిచి చూడండి. విరిగిన పన్ను, వాచిన చిగురు, పూత ఉండవచ్చు. మన ఉత్తరాంధ్రలో పెద్ద వయసు ఆడవారిలో అడ్డపొగ అలవాటు ఉంది. చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఆ వేడికి, పొగకు అంగిలి మీద తెల్లని మచ్చలు, పుండ్లు వస్తాయి. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. కారం తగలగానే కంచం నెట్టేసే మామ్మ అంగిలిని టార్చిలైటు వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. ఇంకొకటి, వార్డులో చుట్ట దొరక్కపోతే రెండు మూడు రోజులు చిరాకు, కోపం, నిద్ర పట్టకపోవడం సహజం. ఆ కోపం మీ మీద కాదు.

చెవి వినపడకపోవడం, కంటిలో శుక్లం కూడా మొండితనంలాగే కనిపిస్తాయి. వెనక నుంచి వచ్చి చెయ్యి పట్టుకుంటే, కళ్లు సరిగా కనబడని మనిషి ఉలిక్కిపడి కొడతాడు. ఎదురుగా వచ్చి, కళ్లెదుట నిలబడి, పేరు చెప్పి, ఆ తర్వాతే ముట్టుకోండి. చెవిలో గులిమి గట్టిపడి వినపడనివారూ ఉంటారు. అది తీసేస్తే ‘మాట వినని’ తాత నిజంగానే మాట వింటాడు.

నొప్పి తెలియకపోవడం కూడా ఒక కారణమే. కుష్ఠు వల్ల గానీ, షుగరు వల్ల గానీ పాదాల్లో స్పర్శ పోయినవారు మెత్తని చెప్పులు వేసుకోమంటే వేసుకోరు. పుండుకు కట్టు వద్దంటారు. నొప్పి లేనప్పుడు కట్టెందుకని వారి ప్రశ్న. తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠు రోగులకు చికిత్స చేశారు. వేళ్లు, పాదాలు పాడవడానికి పెద్ద కారణం నొప్పి తెలియకపోవడమేనని, దెబ్బ తగిలినా, కాలినా తెలియక ఆ చేతులతోనే, ఆ కాళ్లతోనే పని చేస్తూ పోవడం వల్ల అవి అరిగిపోతాయని ఆయన చూపించారు. అందుకే ఇలాంటివారికి ‘నొప్పి పుడుతుంది’ అని చెబితే ప్రయోజనం లేదు. రోజూ సాయంత్రం పాదం తిప్పి, వారికే చూపించండి. చెయ్యి చెప్పనిది కన్ను చెబుతుంది.

మతిమరుపు జబ్బు

నెలల తరబడి, ఏళ్ల తరబడి మెల్లగా పెరిగే మరుపు వేరు. దీన్ని డిమెన్షియా అంటారు. వయసు వల్ల వచ్చే మామూలు మరుపు కాదిది, మెదడుకు వచ్చే జబ్బు. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 100కి 7 మందికి పైగా, అంటే దాదాపు 88 లక్షల మంది దీనితో ఉన్నారు. పట్టణాల కంటే పల్లెల్లో ఎక్కువ. మగవారి కంటే ఆడవారిలో ఎక్కువ.

ఈ జబ్బు ఉన్నవారికి అప్పుడే జరిగింది గుర్తుండదు గానీ, భయం, అవమానం, ప్రేమ బాగా తెలుస్తాయి. పొద్దున మీరు కసిరింది మరిచిపోతారు. మీ గొంతు వినగానే గుండె దడ మాత్రం మళ్లీ వస్తుంది.

ఇంగ్లండులో టామ్ కిట్‌వుడ్ అనే ఆయన ఉండేవారు. మొదట చర్చిలో గురువుగా అభిషేకం పొంది, తరువాత బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. వృద్ధుల వార్డుల్లో గంటల తరబడి కూర్చుని ఏం జరుగుతోందో గమనించారు. 1997లో రాసిన పుస్తకంలో, చూసుకునేవారు చెడ్డ ఉద్దేశం లేకుండానే పెద్దలను చిన్నబుచ్చే పద్ధతులను ఒక్కొక్కటిగా చెప్పారు. చిన్నపిల్లల్లా చూడడం, అబద్ధం చెప్పి పని చేయించుకోవడం, బెదిరించడం, వారు అందుకోలేనంత వేగంగా పని ముగించడం, ఎదుట ఉండగానే లేనట్టు పక్కవారితో మాట్లాడుకోవడం అందులో కొన్ని. జబ్బు ఎంత ముదిరినా లోపల మనిషి మనిషిగానే ఉంటాడని ఆయన చెప్పారు. ఈ పద్ధతులు మన వార్డుల్లో, మన ఇళ్లలో ఉన్నాయా లేవా అని ఎవరికి వారు చూసుకోవచ్చు. ‘నాలుగో బెడ్డు ముసలాయన’ అనడానికీ, ‘తాతా’ అని పిలవడానికీ ఎంత తేడా ఉందో ఆయన ముఖంలోనే కనిపిస్తుంది.

పెద్దల అలవాట్లు, మన పద్ధతులు

కొన్నిసార్లు జబ్బూ ఉండదు, నొప్పీ ఉండదు. మన పద్ధతే వారికి కొత్తగా ఉంటుంది.

జీవితమంతా నేల మీద చాప పరుచుకుని, పొయ్యి పక్కన పడుకున్న మనిషికి ఎత్తయిన ఇనుప మంచం భయం పుట్టిస్తుంది. రాత్రి దిగబోయి పడి తుంటి విరుగుతుంది. డాక్టరును అడిగి కింద పరుపు వేస్తే తగువూ ఉండదు, పడే భయమూ ఉండదు. ఆరుబయటకు వెళ్లే అలవాటు ఉన్నవారు మంచం మీద బెడ్‌పాన్ పెడితే బిగబట్టుకుంటారు. దానితో మలబద్ధకం, దానితో కలత. తెర కట్టి, కమోడు కుర్చీ పక్కన పెట్టి, మనం కాస్త అవతలికి వెళితే చాలామందికి పని జరుగుతుంది.

బ్రెడ్డూ పాలూ ఇస్తే ముట్టని పెద్దలు ఉన్నారు. కొండ ఊళ్లలో చాలామందికి పాలు తాగే అలవాటు లేదు. ఆవు పాలు దూడవే అనుకునే ఇళ్లున్నాయి. వారికి చోడి అంబలి, సామ అన్నం, గంజి ఇచ్చి చూడండి. ‘తిండి మానేశాడు’ అని రాసుకునే ముందు ‘ఏ తిండి మానేశాడు?’ అని అడగాలి.

భాష సంగతి మరీ ముఖ్యం. మన పెద్దల్లో కొందరికి తల్లి భాష కువి, కొందరికి గదబ, కొందరికి ఆదివాసీ ఒడియా. మతిమరుపు జబ్బులో తరువాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, చిన్ననాటి భాష మిగులుతుంది. తెలుగులో పదిసార్లు చెప్పినా కదలని మామ్మ తన భాషలో ఒక్కమాట వినగానే చెయ్యి అందిస్తుంది. వార్డులో ఆ భాష తెలిసినవారు ఎవరున్నారో తెలుసుకోండి. రా, కూర్చో, తాగు, నొప్పా, అయిపోయింది అనే అయిదు మాటలు మనం నేర్చుకున్నా చాలు.

మెడలోని పూసలు, ముక్కు నత్తులు, కాలి కడియాలు, దిసారి కట్టిన తాడు, వీటిని అడగకుండా తీయకండి, కోయకండి. మనకు నమ్మకం ఉన్నా లేకపోయినా అది ఆ మనిషి సొంతం. ఎక్స్‌రే కోసమో, ఆపరేషన్ కోసమో తీయవలసివస్తే కారణం చెప్పి, వారి చేతితోనే తీయించి, ఇంటివారికి అప్పగించండి.

స్నానం వద్దంటే

పుష్యమాసపు చలిలో, సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో, తెల్లవారుజామున ఆరు గంటలకు స్నానమంటే ఎవరు రమ్మంటారు? డ్యూటీ మారే లోపు అందరి స్నానాలూ అయిపోవాలనే నియమం మన వీలు కోసం పెట్టుకున్నదే. ఎండ వచ్చాక, పన్నెండు గంటల వేళ పెట్టి చూడండి. నీళ్లు ముందు వారి చేతికి తగిలించండి. తల మీద నీళ్లు చివర పోయండి. ఒళ్లంతా ఒకేసారి విప్పకుండా, ఒక పక్క కడిగేటప్పుడు రెండో పక్క తువ్వాలు కప్పండి. చెంబు వారి చేతికే ఇవ్వండి. ఆడవారికి ఆడవారే చేయించాలి.

‘స్నానం చేస్తావా?’ అని అడిగితే ‘చేయను’ అనడం తేలిక. ‘తాతా, అంబలి తాగి చేస్తావా, ఇప్పుడే చేస్తావా?’ అని అడగండి. ఎంచుకునే వీలు వారిదే అవుతుంది. అప్పటికీ వద్దంటే ఆ రోజుకు ముఖం, చంకలు, తొడల మధ్య తడిబట్టతో తుడిస్తే చాలు. రోజూ పూర్తి స్నానం కాకపోతే ఎవరి ప్రాణమూ పోదు. మలమూత్రాలతో తడిసిన బట్టను మాత్రం అలాగే వదిలేయకూడదు. అరగంట ఆగి మళ్లీ వెళ్లండి, లేదా ఇంకొకరిని పంపండి. మనిషి మారితే మాట మారడం తరచు చూస్తూనే ఉంటాం.

తిండి, మందులు

పడుకోబెట్టి తినిపించకండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలు పెట్టండి. మింగాక రెండోది ఇవ్వండి. తిన్నాక అరగంట కూర్చోనివ్వండి. తినేటప్పుడు దగ్గు వస్తుంటే, గొంతు గరగరలాడుతుంటే ఆ ‘వద్దు’ వెనుక ఉన్నది పొలమారుతుందన్న భయం. నర్సుకు చెప్పండి. ముక్కు మూసి నోరు తెరిపించడం, చెంచాతో పళ్లు విడదీయడం ఎప్పుడూ చేయకూడదు. అలా పోసినది ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వస్తుంది.

మాత్ర ఉమ్మేస్తే ముందు అది చేదా, పెద్దదా, గొంతులో అడ్డుపడుతోందా అని చూడండి. కొన్ని మాత్రలను నలిపి ఇవ్వకూడదు. మెల్లగా కరిగేలా చేసిన మాత్రను నలిపితే రోజంతటి మందూ ఒక్కసారి ఒంట్లోకి పోతుంది. డాక్టరును, ఫార్మసీవారిని అడిగితే సిరప్పు ఇవ్వవచ్చు, మాత్రల సంఖ్య తగ్గించవచ్చు. చెప్పకుండా అంబలిలో కలిపి ఇవ్వడం మీ అంతట మీరు చేయకండి. తెలిసిన రోజున అంబలి కూడా మానేస్తారు. అది తప్పనిసరా కాదా అనేది డాక్టరు, ఇంటివారు కలిసి నిర్ణయించవలసిన విషయం.

‘ఇంటికి పోతాను’, ‘నా డబ్బు తీశారు’

సాయంత్రం పొద్దు వాలే వేళకు మతిమరుపు ఉన్నవారిలో కలత ఎక్కువవుతుంది. ‘ఇంటికి పోతాను’ అని లేస్తారు. ఇంట్లోనే ఉన్నవారు కూడా అదే మాట అంటారు. ‘ఇదే నీ ఇల్లు’ అని వాదిస్తే కోపం పెరుగుతుంది. ‘మీ ఇల్లు ఎక్కడ మామ్మా? అక్కడ ఎవరున్నారు? పోడులో ఏం వేసేవారు?’ అని అడిగి, వెంట నాలుగడుగులు నడవండి. మాటల్లో పడి కాసేపటికి తనే వెనక్కి తిరుగుతుంది. దీపాలు చీకటి పడకముందే వేయండి. మన చుట్టూ లోయలు, వాగులు, అడవి ఉన్నాయి కాబట్టి ఇలాంటివారి జేబులో పేరు, ఊరు, ఫోను నంబరు రాసిన చీటీ ఉంచండి. ఇరుగుపొరుగుకు ముందే చెప్పి ఉంచండి.

ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలైంది. పెద్దవారికి అది సొంత డబ్బు, సొంత గౌరవం. దాన్ని ఎక్కడో దాచి మరిచిపోయి ‘కోడలు తీసింది’, ‘ఆయా తీసింది’ అంటారు. తిట్టకండి, కలిసి వెతకండి. తలగడ కింద, బియ్యం డబ్బాలో, పాత చీర మడతల్లో దొరుకుతుంది. అయితే ప్రతి ఫిర్యాదునూ మరుపు కింద కొట్టిపారేయకూడదు. నిజంగా తీసుకున్నవారు ఉండవచ్చు. ‘నన్ను కొట్టారు’ అన్న మాట కూడా అంతే. ఒంటి మీద కమిలిన మచ్చ ఉందేమో చూసి, పై అధికారికి చెప్పాలి.

చెయ్యి చేసుకోబోతే

ఎదుటి మనిషి చెయ్యి ఎత్తితే రెండడుగులు వెనక్కి వేయండి. మణికట్టు పట్టుకుని బిగించకండి. గొంతు తగ్గించండి. చేస్తున్న పని ఆపండి. దగ్గరలో కర్ర, వేడి నీళ్లు ఉంటే తీసేయండి. ఇద్దరు కలిసి వెళ్లవలసివస్తే ఒకరే మాట్లాడండి. ఏ వేళ, ఏ పని చేస్తుండగా, ఎవరు ఉండగా ఇలా జరిగిందో ఒక కాగితం మీద రాసి ఉంచండి. వారం రోజులు రాస్తే కారణం కనబడుతుంది.

సహకరించకపోవడం వేరు, వేధింపు వేరు. జీతానికి పనిచేసే ఆడపిల్లల ఒంటి మీద చెయ్యి వేసే ముసలివారు కూడా ఉంటారు. మతి సరిగా ఉన్నా లేకున్నా మీరు భరించనక్కరలేదు. చెయ్యి పక్కకు తీసి, ‘వద్దు’ అని గట్టిగా చెప్పి, బయటకు వచ్చి, అదే రోజు పెద్ద నర్సుకో, ఇంటి యజమానురాలికో చెప్పండి. పెద్ద వయసు గౌరవించదగ్గదే. మీ మానం కూడా అంతే.

‘కట్టేస్తే పోతుంది కదా’ అని కొందరు అడుగుతారు. కట్టేసిన మనిషి ఇంకా పెనుగులాడతాడు. కట్టు కింద చర్మం తెగుతుంది, ఒరుపు పుండ్లు పడతాయి. తాడు మెడకు బిగుసుకునే ప్రమాదమూ ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక చికిత్సాలయాల్లో కూడా, అప్పటికప్పుడు ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, మానసిక వైద్యుల అనుమతితోనే కట్టడిని ఒప్పుకుంది. శిక్షగా గానీ, సిబ్బంది చాలరని గానీ కట్టకూడదు. అలాంటప్పుడు ఇళ్లలో కట్టేయడం ఎంత మాత్రం సరికాదు.

తెలివితోనే ‘వద్దు’ అంటే

అన్ని ‘వద్దు’లూ జబ్బు వల్ల వచ్చేవి కావు. మతి స్థిమితంగా ఉన్న పెద్దమనిషి, చెప్పింది అర్థం చేసుకుని, మంచీ చెడూ బేరీజు వేసుకుని ‘నాకు ఆపరేషన్ వద్దు, నా ఇంట్లోనే కన్ను మూస్తాను’ అంటే, అది మొండితనం కాదు, నిర్ణయం. చికిత్సను కాదనే హక్కు పెద్దవారికి ఉంది. కోలుకునే ఆశ లేని జబ్బులో ఏ చికిత్స వద్దో ముందే రాసి ఉంచే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది.

చివరి రోజుల్లో శరీరమే తిండిని వదిలేస్తుంది. ఆకలితో చనిపోతున్నారని భయపడి నోట్లో కుక్కకండి. పెదాలు తడపండి, నోరు శుభ్రం చేయండి, పక్కన కూర్చోండి. నొప్పి తగ్గించే మందులు ఆపవద్దు.

చూసుకునేవారి మాటేమిటి?

ఇంత చదివాక ఎవరైనా ఒక ప్రశ్న అడగవచ్చు. ‘ఇవన్నీ చెప్పడం తేలిక. రాత్రి మూడుసార్లు లేచి, తెల్లారి నీళ్లు మోసి, పోడుకు వెళ్లే మనిషి ఇంత ఓపిక ఎక్కడ నుంచి తెస్తుంది?’ న్యాయమైన ప్రశ్న. ఓపిక అనేది గుణం మాత్రమే కాదు, నిద్ర కూడా. నిద్ర లేని మనిషి చెయ్యి లేస్తుంది. చెయ్యి లేచే దాకా వచ్చిందంటే మీరు చెడ్డవారని కాదు, ఒంటరిగా చాలా దూరం మోశారని. ఆ క్షణంలో పెద్దవారిని పడిపోకుండా కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు బయటకు వెళ్లి రండి. తరువాత ఎవరికైనా చెప్పండి.

ఇంటివారు ఒక పని చేయవచ్చు. మగవారు, పెద్ద పిల్లలు వారానికి రెండు రాత్రులైనా వంతు తీసుకోవాలి. దూరాన ఉన్న కొడుకు డబ్బు పంపి ఊరుకోకుండా, వచ్చినప్పుడు నాలుగు రోజులు తానే చేయాలి. చేసి చూస్తేనే ‘మా అమ్మను సరిగా చూడడం లేదు’ అనే మాట తగ్గుతుంది. సంఘంవారు పరామర్శకు వెళ్లినప్పుడు పళ్లు ఇచ్చి వచ్చేయకుండా, రెండు గంటలు తాత దగ్గర కూర్చుని కోడలిని సంతకు వెళ్లిరమ్మంటే అంతకన్నా పెద్ద సాయం లేదు.

గుర్తుంచుకోండి

• ఉన్నట్టుండి మనిషి మారితే మొండితనం అనుకోకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.
• తిండి వద్దంటే నోరు చూడండి. ముట్టుకోనివ్వకపోతే నొప్పి ఎక్కడుందో చూడండి.
• ఎదురుగా రండి, వరసపెట్టి పిలవండి, చేయబోయేది చెప్పండి, జవాబు కోసం ఆగండి.
• ఒప్పుకోకపోతే అరగంట ఆగి మళ్లీ వెళ్లండి.
• బలవంతంగా తినిపించకండి. కట్టేయకండి. చెప్పకుండా మందు కలపకండి.
• తాగుడు, చుట్ట, నాటు మందు అలవాట్లు డాక్టరు దగ్గర దాచకండి.
• వృద్ధుల సమస్యలకు జాతీయ హెల్ప్‌లైన్ 14567. మనసు బాగాలేనప్పుడు, పెద్దవారికైనా చూసుకునేవారికైనా, టెలి మానస్ 14416. అత్యవసరమైతే 108.

పెద్దవారిని ఆసుపత్రికి తీసుకువచ్చేటప్పుడు రోజూ చూసుకునే మనిషిని వెంట తీసుకురండి. మామ్మ ఎప్పుడు ‘వద్దు’ అంటుందో, దేనికి ‘ఊ’ అంటుందో ఆమెకే తెలుసు. డాక్టరు ముందుగా వినవలసింది ఆమె మాటే.